దవావోలో ఫిలిప్పీనో కుటుంబం పక్కన అద్దెకు దిగారా? మొదటి రోజుల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఫిలిప్పీన్స్‌కి దక్షిణాన మిండనావో ద్వీపంలో ఉన్న పెద్ద ఊరు దవావో. మెడిసిన్ కోసం మన తెలుగు పిల్లలు చాలా ఏళ్లుగా ఇక్కడికి వస్తున్నారు, వాళ్లను చూసిపోవడానికి అమ్మానాన్నలూ వస్తుంటారు. హాస్టల్లో ఉన్నంతకాలం చుట్టూ మనవాళ్లే, మెస్సులో పప్పూ సాంబారే, కాబట్టి కింది ప్రశ్నలేవీ రావు. బయట గది తీసుకున్నాకే వస్తాయి. ఇక్కడ చాలా అద్దె గదులు ఇంటివాళ్ల కాంపౌండ్‌లోనే ఉంటాయి, ముందు వాళ్ల ఇల్లు, వెనక వరసగా మన గదులు, అందరికీ కలిపి ఒకటే గేటు. వాళ్లకు కనపడకుండా బతకడం కుదరదు, బతకాల్సిన అవసరమూ లేదు.

వచ్చిన రోజే పక్కింటివాళ్లను పలకరించాలా, వాళ్లే వస్తారా?

మీరే వెళ్లండి. చాలా ఇళ్లకు కాలింగ్ బెల్ ఉండదు. గేటు బయట నిలబడి "ఆయో!" అని కాస్త గట్టిగా అనాలి, లోపల్నుంచి ఎవరో ఒకరు పలికేదాకా గేటు తియ్యకూడదు. గుమ్మం దగ్గర చెప్పులు విప్పడం మనకు కొత్తేం కాదు. వట్టి చేతులతో కాకుండా ఇంటి నుంచి తెచ్చుకున్న పూతరేకులో, కాజాలో, ఏదో ఒకటి పట్టుకెళ్లండి. దాన్ని మీ ముందు విప్పకుండా పక్కన పెట్టేసి వేరే మాటల్లోకి వెళ్లిపోతారు. నచ్చలేదేమో అని టెన్షన్ పడకండి, ఇచ్చినవాళ్ల ఎదుటే విప్పితే దానికోసమే చూస్తున్నట్టు ఉంటుందని వాళ్ల మర్యాద. రెండ్రోజుల తర్వాత పిల్లలు వచ్చి మీ గుమ్మం చుట్టూ తిరుగుతుంటే నచ్చినట్టు లెక్క.

మాట ఎలా కలపాలో తెలియకపోతే గల్ఫ్ సంగతి ఎత్తండి. సౌదీలోనో, దుబాయ్‌లోనో, హాంకాంగ్‌లోనో, ఓడ మీదో పనిచేసే చుట్టం ఒక్కరైనా లేని కుటుంబం ఈ దేశంలో తక్కువ. నిజామాబాద్, కరీంనగర్, కోనసీమ వాళ్లకు ఈ కథ ఎవరూ చెప్పక్కర్లేదు కదా. మా మేనమామ కువైట్‌లో ఉండేవాడు అంటే చాలు, వాళ్ల చెల్లెలు అక్కడ ఎవరింట్లో పనిచేస్తోందో, నెలకెంత పంపుతోందో, క్రిస్మస్‌కి పంపిన పెద్ద అట్టపెట్టెలో సబ్బులు ఎన్నొచ్చాయో దాకా చెప్పేస్తారు.

ఎవర్ని ఏమని పిలవాలి? పేరు పెట్టి పిలవొచ్చా?

మీకన్నా చిన్నవాళ్లనైతే పిలవండి. పెద్దవాళ్లను వట్టి పేరుతో పిలిస్తే మన ఊళ్లో ఎంత ఎబ్బెట్టుగా ఉంటుందో ఇక్కడా అంతే. మీకన్నా కాస్త పెద్దయితే ఆడవాళ్లను ఆతే, మగవాళ్లను కుయా. అమ్మానాన్నల వయసువాళ్లను టీటా, టీటో. అమ్మమ్మ, నానమ్మల వయసువాళ్లను లోలా, తాతల వయసువాళ్లను లోలో. చుట్టరికంతో పనిలేదు, షాపులో అమ్మాయి కూడా ఆతేనే.

ముసలివాళ్ల దగ్గరికి పిల్లలు వెళ్లినప్పుడు వాళ్ల చెయ్యి అందుకుని తమ నుదుటికి ఆనించుకుంటారు. మన పాదనమస్కారం లాంటిదే, వంగక్కర్లేదు అంతే. మీరూ చేస్తే లోలా ఆ సంగతి వీధంతా చెప్పుకుంటుంది. మీ అమ్మానాన్నలు వచ్చినప్పుడు ఎదురింటి పిల్లాడు వాళ్ల చెయ్యి పట్టుకుంటే కరచాలనం అనుకుని ఊపకుండా ముందే చెప్పి ఉంచండి.

ఏ భాషలో మాట్లాడాలి? నేను టాగలాగ్ యాప్‌లో నేర్చుకుంటున్నా.

దవావోలో ఇళ్లలో ఎక్కువగా మాట్లాడేది బిసాయా. టాగలాగ్ అందరికీ అర్థమవుతుంది, స్కూల్లో చెప్తారు, టీవీలో వస్తుంది, కాబట్టి మీ కష్టం వృథా పోదు. ఇంగ్లీషుతో కూడా నెట్టుకురావచ్చు. కానీ పొద్దున్నే "మాయోంగ్ బుంతాగ్", ఏదైనా ఇస్తే "సలామాత్" అని అలవాటు చేసుకోండి, ఈ రెండు ముక్కలకే మొహాలు మారిపోతాయి.

గేటు దాటేటప్పుడల్లా ఎక్కడికి, ఎక్కడికి అని అడుగుతున్నారు. నిఘా పెట్టారా?

లేదు, అది పలకరింపు. మనకైతే బయల్దేరేవాణ్ని ఎక్కడికి అనకూడదు, పని చెడుతుందంటారు, మా అమ్మమ్మ వింటే మళ్లీ లోపలికొచ్చి మంచినీళ్లు తాగి వెళ్లమనేది. ఇక్కడ అడక్కపోతేనే కోపమొచ్చిందేమో అనుకోవాలి. కాలేజీకి, బజారుకి అని లెక్క చెప్పక్కర్లేదు. "దిహా రా" అనండి, అంటే అదిగో అక్కడికే అని, నవ్వి వెళ్లిపోండి. వాళ్లకు కావాల్సిందీ అంతే.

వయసెంత, పెళ్లయిందా, బాయ్‌ఫ్రెండ్ ఉన్నాడా, ఏ చర్చికి వెళ్తావు, అద్దె ఎంత కడుతున్నావు, ఇవి కూడా మొదటి వారంలోనే అడిగేస్తారు. లావయ్యావు అని మొహం మీదే అంటారు. మన పెళ్లిళ్లలో పిన్నత్తల మధ్య పెరిగినవాళ్లకు ఇదో లెక్కా.

వాళ్లు తింటున్నప్పుడు వెళ్తే తినమంటున్నారు. నిజంగా కూర్చోవాలా?

ఇది అన్నిటికన్నా ఎక్కువమంది అడిగేది. తింటున్నవాళ్లు ఎదుట మనిషి కనపడితే "కాఓన్ తా" అనకుండా ఉండరు. రోడ్డు పక్కన బిస్కెట్ తింటున్న పిల్లాడు కూడా మీవైపు ప్యాకెట్ చాపుతాడు. మొదటిసారి అన్నప్పుడు "బుసోగ్ పా కో", కడుపు నిండుగా ఉంది అని చెప్పడమే పద్ధతి. అక్కడితో ఆగిపోతే అది మర్యాద కోసం అన్నమాట. రెండోసారి, మూడోసారి అంటూ కుర్చీ లాగి, కంచం తెచ్చి పెట్టేస్తే మాత్రం అది నిజమైన పిలుపు, ఇక మొహమాటపడితే చిన్నబుచ్చినట్టవుతుంది. కొంచెమైనా పెట్టుకోండి.

కుడిచేతిలో స్పూను, ఎడమచేతిలో ఫోర్కు పట్టుకుని ఫోర్కుతో అన్నాన్ని స్పూనులోకి నెట్టుకుంటారు. చేత్తో తింటే తప్పుగా ఎవరూ చూడరు, వాళ్లూ చాలాసార్లు చేత్తోనే తింటారు, కానీ కలిపి ముద్దలు చేయడం వాళ్లకు వింత, పిల్లలు గుడ్లప్పగించి చూస్తారు. మూడు పూటలా అన్నమే, పొద్దున కూడా, రాత్రి మిగిలిన అన్నానికి వెల్లుల్లి వేసి వేయించింది. పళ్లెంలో చివరి ముక్క ఒకటి ఎవరూ ముట్టుకోకుండా అలాగే ఉండిపోతుంది, మీరూ ముట్టుకోకండి, పెద్దావిడ మీ కంచంలో వేస్తే సరే.

పదింటికీ, మళ్లీ మూడూ నాలుగింటికీ మెరియెండా అని ఇంకో విడత ఉంటుంది. నూనెలో చక్కెర పాకం పట్టించిన కూర అరటిపండు పుల్లకు గుచ్చి ఇస్తారు, వద్దనకండి, అది బాగుంటుంది.

గిన్నెలో ఏదైనా పంపిస్తే ఆ గిన్నె ఖాళీగా తిరిగి ఇవ్వకండి. ఇది వాళ్లు చెప్పరు, కానీ చూస్తారు. అరడజను కలమాన్సీ నిమ్మకాయలు వేసి ఇచ్చినా చాలు. మొదటి నెల గడిచేసరికి గిన్నె ఎవరిదో కూడా మర్చిపోతారు.

నేను శాకాహారిని. బతగ్గలనా?

పక్కింటి భోజనంతో బతకడం కష్టం, సొంత వంటతో హాయిగా బతకొచ్చు. చిక్కు ఎక్కడంటే, మాంసం లేదు అని వాళ్లు నిజాయితీగానే చెప్తారు, ముక్కలు లేవు కాబట్టి. కానీ రుచికి గినామోస్ వేసి ఉంటారు, అంటే ఉప్పులో ఊరి పులిసిన చిన్న చేపల ముద్ద, లేకపోతే చేపల సాస్, లేకపోతే పంది ఎముకల రసం. వంకాయ, బెండకాయ, కాకరకాయ కలిపిన పినక్‌బెట్ చూడ్డానికి మన కలగూరలాగే ఉంటుంది, అందులోనూ ఇదే తంతు. పెసలతో చేసే మోంగో కూరలో ఎండుచేపో పంది తోలో తేలుతుంది. కాబట్టి శాకాహారిని అనకుండా, చేప తినను, రొయ్య తినను, పంది తినను, వాటి నీళ్లు కూడా తినను అని విడివిడిగా చెప్పండి. ఒకసారి అర్థమైతే మీకోసం విడిగా ఊతన్ చేసిపెడతారు. గుమ్మడికాయ, బెండ, వంకాయ, మునగాకు వేసి మరిగించిన పల్చటి కూర అది, కారం ఉండదు, ఆరోగ్యానికి మాత్రం ఢోకా లేదు.

మునగాకు ఇక్కడ ప్రతి పెరట్లో ఉంటుంది, కమూంగ్గాయ్ అంటారు. ఆకు మాత్రమే తింటారు కానీ కాయల్ని పెద్దగా పట్టించుకోరు. అడిగి కోసుకోండి, సంతోషంగా ఇస్తారు. చింతపండు, అల్లం, తూటికూర, చేమదుంప, కాకర, సొర అన్నీ బంకెరోహాన్ మార్కెట్లో దొరుకుతాయి. దొరకనివి, ఖరీదెక్కువైనవి మన కందిపప్పు, ఇంగువ, మంచి ఎండుమిరప.

మాంసాహారులకు సమస్యే లేదు, చింతపండు పులుపుతో చేసే సినిగాంగ్ మన నాలుకకు ఇట్టే పడుతుంది. దినుగువాన్ అనే నల్లటి కూర పెడితే అది పంది రక్తంతో చేసిందని తెలుసుకుని తినండి. దురియన్ అనే ఘాటు వాసన పండు విషయంలో నాకు ఈ ఊరితో ఇంకా రాజీ కుదరలేదు, అది దవావోకి ఎంత గొప్పయినా సరే.

పోపు పెడితే పక్కింటివాళ్లు తుమ్ముతున్నారు. ఏమైనా అనుకుంటారా?

అనుకుంటారు, పైకి అనరు. ఎండుమిరప పోపు ఘాటు వీళ్లకు అస్సలు అలవాటు లేదు, బికోల్ ప్రాంతం తప్పిస్తే దేశంలో కారం తినేవాళ్లు తక్కువ. గోడలు పల్చన, కిటికీలు ఎదురెదురుగా ఉంటాయి. వాళ్లు బట్టలు ఆరేసి ఉన్నప్పుడు పోపు పెట్టకండి, ముందుగా ఓ మాట చెప్పండి, అప్పుడప్పుడు ఓ గిన్నె కారం తగ్గించి పంపండి. అప్పుడా ఘాటుకు వాళ్లే అలవాటు పడతారు.

ఇంకో మాట సూటిగా చెప్తాను. వీళ్లు రోజుకు రెండుసార్లు స్నానం చేసే మనుషులు, చెమట వాసన దగ్గర చాలా పట్టింపు. జీప్నీలో, అంటే ఇక్కడి షేర్ జీపులో, మీ పక్కన కూర్చున్నావిడ రుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుందంటే అర్థం చేసుకోండి. డియోడరెంట్ వాడండి, ఉల్లి తాలింపు అంటిన చొక్కాతో కాలేజీకి వెళ్లకండి.

బాత్రూం, కరెంటు, నీళ్ల సంగతి?

బకెట్టూ మగ్గూ ప్రతి ఇంట్లో ఉంటాయి, మగ్గును టాబో అంటారు, ఆ విషయంలో మీకు అమెరికా కష్టాలు లేవు. కరెంటు 220 వోల్టులే కానీ ప్లగ్గులు చపటా పిన్నులవి, మన గుండ్రటి మూడు పిన్నుల కుక్కరు దూరదు, అడాప్టర్ తెచ్చుకోండి. కరెంటు పోతే బ్రౌనౌట్ అంటారు. తాగే నీళ్లు వీధి చివర రీఫిల్లింగ్ స్టేషన్లో పెద్ద క్యాన్లకు పట్టించుకోవాలి, ఇంటికి కూడా తెచ్చి వేస్తారు.

టైము మనకన్నా రెండున్నర గంటలు ముందు. ఇంట్లో రాత్రి తొమ్మిదికి తీరిక చేసుకుని వీడియో కాల్ చేస్తే ఇక్కడ పదకొండున్నర. స్పీకర్ పెట్టి మాట్లాడితే మీ ఇంటి గొడవలు గోడవతల లోలాకి నిద్ర పట్టనివ్వవు. ఇయర్‌ఫోన్స్ వాడండి.

తెల్లవారుజామున మూడింటికే కోళ్లు. ఏం చెయ్యాలి?

ఏమీ చెయ్యలేరు. అవి పందెం కోళ్లు, ఒక్కోదానికి విడిగా చిన్న గూడు, కాలికి తాడు, యజమాని పొద్దున్నే ఒళ్లో పెట్టుకుని దువ్వుతుంటాడు. భీమవరం వైపు వాళ్లకు పరిచయమైన దృశ్యమే. తేడా ఏంటంటే ఇక్కడ లైసెన్సున్న బరుల్లో, ఆదివారాలూ సెలవు రోజుల్లో పందేలు చట్టబద్ధం, 1974లో దీనికోసం చట్టమే చేశారు. ఫోన్లో ఆడే ఆన్‌లైన్ పందేలను మాత్రం 2022లో ఆపేశారు. కోడి గురించి అడిగితే ఆ పెద్దమనిషి మీకు జన్మంతా స్నేహితుడు. దాన్ని ముట్టుకోవద్దు.

అర్ధరాత్రి దాకా కరావోకే పాడితే ఎవరికి చెప్పాలి?

పుట్టినరోజుకీ, బాప్టిజానికీ, జీతం వచ్చిన శనివారానికీ మెషీన్ అద్దెకు తెస్తారు. మొదటిసారే ఫిర్యాదుకు వెళ్లకండి, వెళ్లి కూర్చోండి. మీచేత ఒక పాట పాడించకుండా వదలరు, ఎలా పాడినా చప్పట్లు కొడతారు. పరీక్షలుంటే ముందురోజు ఆతేతో నవ్వుతూ చెప్పండి, పెందలాడే ఆపేస్తారు. మరీ శృతి మించితే బరంగాయ్ ఆఫీసు ఉంది, మన వార్డు సచివాలయం, పంచాయతీ పెద్దలు కలిసినట్టు ఉంటుంది, ఇరుగుపొరుగు తగాదాలు అక్కడే తీరుస్తారు. కానీ అందరి ముందు గొంతు పెంచి గొడవపడితే మాత్రం తప్పు వాళ్లదైనా చెడ్డవాళ్లు మీరే అవుతారు. నలుగురిలో పరువు పోవడం ఇక్కడ మామూలు విషయం కాదు.

సరే అన్నారు, చెయ్యలేదు. అబద్ధమా?

మొహం మీద కాదనలేకపోవడం. కుళాయి రేపు బాగుచేస్తాం, చూద్దాం, బహుశా అన్నారంటే ఇంకోసారి నవ్వుతూ గుర్తుచేయాలి. సైగలు కూడా చూసుకోండి. కనుబొమలు పైకెత్తితే ఔనని. ఏదైనా ఎక్కడుందంటే పెదాలు ముందుకు చాపి చూపిస్తారు. మన తల ఊపుడు అటూ ఇటూ తిరిగేది వాళ్లకు ఔనో కాదో తేలదు, నోటితో చెప్పండి. వేలు మడిచి మనుషుల్ని పిలవకండి, అది కుక్కను పిలిచే తీరు.

నన్ను చూసి పిల్లలు బుంబాయ్ అంటున్నారు, ఒకతను అప్పిస్తావా అని అడిగాడు!

భారతీయులందర్నీ ఇక్కడ బుంబాయ్ అనడం పాత అలవాటు. పంజాబీ వ్యాపారులు బండి మీద తిరుగుతూ గొడుగులు, దుప్పట్లు, ఫ్యాన్లు వాయిదాలకు అమ్మేవాళ్లు, వడ్డీకి డబ్బులిచ్చేవాళ్లు. ఐదిస్తే ఆరు కట్టాలి, అందుకే దానికి ఫైవ్-సిక్స్ అని పేరు. సంతలో కూరగాయలమ్మే ఆవిడకు బ్యాంకు అప్పివ్వదు, ఈయన ఇస్తాడు, రోజూ సాయంత్రం వచ్చి వసూలు చేసుకుంటాడు. మన ఊళ్ల డైలీ ఫైనాన్స్ కథే. అల్లరి చేసే పిల్లల్ని బుంబాయ్ సంచిలో వేసుకుపోతాడని బెదిరిస్తారు కూడా. ఎక్కువమంది తిట్టాలని అనరు, వేరే మాట తెలియక అంటారు. నాకు నచ్చదు, మెడిసిన్ చదవడానికి వచ్చాను, పేరు ఫలానా అని చెప్తే ఆ పేరుతోనే పిలుస్తారు. అప్పు మాత్రం ఇవ్వకండి, స్నేహమూ డబ్బూ రెండూ పోతాయి.

ఆతే వాళ్ల చంటిబిడ్డను ముద్దు చెయ్యొచ్చా?

చెయ్యండి, కానీ ఎంత ముద్దుగా ఉందో అన్న వెంటనే "పువేరా బుయాగ్" అనండి. దిష్టి తగలకూడదని. అనకపోతే వాళ్ల అమ్మమ్మ మీ తరఫున తనే అనేసి మీవైపు ఓ చూపు చూస్తుంది. బిడ్డకు ఆ రాత్రి జ్వరమొస్తే మీ పేరే గుర్తొస్తుంది. బుగ్గన చుక్క పెట్టించుకుని పెరిగిన మనకు ఇది విడమరచి చెప్పాలా?

వీధిలో ఎవరో పోయారు. వెళ్లాలా?

వెళ్లండి. శవపేటిక ఇంట్లోనే రోజుల తరబడి ఉంచుతారు, దూరదేశాల్లో ఉన్న పిల్లలు రావాలి కదా. బయట టెంటు కింద రాత్రంతా పేకాట, కాఫీ, బిస్కెట్లు నడుస్తుంటాయి, అది నిర్లక్ష్యం కాదు, పోయిన మనిషిని ఒంటరిగా వదలకూడదని మేలుకుని ఉండటం. కవరులో తోచినంత డబ్బు పెట్టి ఇంటివాళ్ల చేతికివ్వండి. మనం నేరుగా ఇంటికొచ్చి స్నానం చేస్తాం, వీళ్లు నేరుగా ఇంటికి పోరు, దారిలో ఏ షాపు దగ్గరో కాసేపు ఆగి వెళ్తారు, చావు వెంట రాకూడదని. వాళ్లతో వెళ్తే మీరూ ఆగి, ఇంటికొచ్చి స్నానం చెయ్యండి, రెండు పద్ధతులూ అయిపోతాయి.

జీప్నీ ఎలా ఎక్కాలి, సరుకులు ఎక్కడ?

జీప్నీలో డబ్బులు పక్కవాళ్ల చేతికిస్తే చేతులు మారుతూ డ్రైవర్‌కి చేరతాయి, చిల్లరా అలాగే వెనక్కి వస్తుంది, మీ చేతికొచ్చిన వేరేవాళ్ల డబ్బుల్ని ముందుకు పంపడం మీ డ్యూటీ. దిగాలంటే "లుగార్ లాంగ్". సరుకులు వీధిలోని సారి-సారి కొట్లో, గ్రిల్లు వెనక నుంచి ఇస్తారు, ఒక్క గుడ్డు, ఒక షాంపూ పొట్లం, పావు సీసా నూనె కూడా. ఈరోజు అప్పు లేదు, రేపు రండి అని బోర్డు ఉంటుంది, చూసి నవ్వుకోండి. సిమ్ కొన్నాక పాస్‌పోర్ట్‌తో రిజిస్టర్ చేయాలి, 2022 చట్టం వచ్చాక అది తప్పనిసరి.

అమ్మానాన్నలు వస్తామంటున్నారు, వీసా?

2025 జూన్ 8 నుంచి భారత పాస్‌పోర్ట్‌తో టూరిస్టులుగా వచ్చేవాళ్లకు 14 రోజుల వరకు వీసా అక్కర్లేదు. దాన్ని పొడిగించరు, వేరే వీసాగా మార్చరు, అంటే చదువుకోవడానికి ఈ దారిన రాకూడదు. తిరుగు టికెట్, బస వివరాలు, ఖర్చులకు డబ్బున్నట్టు ఆధారం ఉంచుకోవాలి. ప్రయాణానికి ముందు మూడు రోజుల్లోపు ఈట్రావెల్ ఫారం నింపాలి, అది ఉచితం, డబ్బడిగే సైట్లు మోసం. నిబంధనలు మారుతుంటాయి కాబట్టి టికెట్ కొనేముందు ఎంబసీ సైట్ చూసుకోండి.

భూకంపాలు వస్తాయటగా?

వస్తాయి. 2019 చివర్లో వరసగా వచ్చాయి, 2025 అక్టోబర్ 10న దవావో ఓరియెంటల్ తీరం దగ్గర 7.4 తీవ్రతతో వచ్చింది. ఊగుతున్నప్పుడు మెట్లమీదికి పరిగెత్తకండి, బల్లకింద దూరి తల కాపాడుకోండి, ఆగాక బయటికి రండి. పక్కింటివాళ్లు ఎక్కడ గుమిగూడతారో మొదటి వారంలోనే అడిగి పెట్టుకోండి, ఆ కంగారులో మీరు కనపడకపోతే మీ తలుపు కొట్టేది వాళ్లే. అత్యవసరానికి నంబర్ 911.

దీపావళికి టపాసులు కాల్చుకోవచ్చా?

కుదరదు. ఈ ఊళ్లో 20 ఏళ్లకు పైగా నిషేధం, కొత్త సంవత్సరానికి కూడా జనం బూరలు ఊది, గిన్నెలు మోగించి సరిపెట్టుకుంటారు. కాకరపువ్వొత్తి ఒక్కటే కదా అని వెలిగించినా పోలీసులు పట్టుకుంటే ఇంటి ఓనరుకూ తలనొప్పి. ప్రమిదలు పెట్టుకోండి, స్వీట్లు కాస్త ఎక్కువ చేయండి, గేటు దగ్గర పిల్లలు ఎలాగూ ఉంటారు.